మన పిల్లల కొలత

జూలై 9

డాక్టరమ్మ ఇచ్చిన కాగితంలో మూడు గడులే ఉన్నాయి. పాప ఎప్పుడు నీళ్లు తాగింది, ఎప్పుడు ఒంటికి పోయింది, ఎంత పోయింది. అవి రోజూ నింపుతున్నాను. మిగిలినవి రాయడానికి అందులో చోటు లేదు. అందుకని ఈ డైరీ. సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు లారీ తోలే నా కొడుకు శాంసన్‌కు ఇచ్చింది, పోయిన ఏడాదిది. వారాలు కొట్టేసి రాసుకుంటున్నాను. నోటితో చెప్పడం నాకు మొదటినుంచీ రాదు.

నా మనవరాలు సలోమికి జ్వరం దిగింది. గంజి తాగి పడుకుంది.

జూలై 10

నిన్న రాయాలనుకున్నది రాయలేదు.

నంద్యాలలో డాక్టరమ్మ పేరు గాయత్రి. పిల్లల కిడ్నీలు, మూత్రసంచి చూసే డాక్టరు. చిన్నామె, మా కోడలు మంజుల ఈడు ఉంటుంది. స్కాను తీసేది మనోజ్ అని ఇంకొకాయన. పొట్ట మీద ఆ చల్లని జిగురు పూయగానే నా మనవరాలు కిలకిలా నవ్వింది. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

నాకు అర్థమైనంత రాస్తాను. సలోమికి ఎనిమిదేళ్లు. ఆ వయసు పిల్ల మూత్రసంచి, పుస్తకం ప్రకారం, మూడు వందల మిల్లీ పట్టాలి. దీనిది అయిదు వందలు దాటి పడుతోంది. ఎడమ కిడ్నీ కాస్త ఉబ్బింది. ఆ ఉబ్బు జ్వరం వల్లనా, సంచి వల్లనా అన్నది తేలాలి.

"బడిలో టైముకు పోతావా పాపా?" అని డాక్టరమ్మ అడిగింది.

"పోతా మేడం. ఇంట్రవెల్లుకు ఒగసారి, అన్నానికి ముందర ఒగసారి."

"ఆపుకుంటావా?"

"లేదు మేడం."

చేతులు కట్టుకుని, పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. మంచి పిల్ల.

డాక్టరమ్మ తెర వైపు చూసి నాతో అన్నది: "ఆపుకోకుండానే ఇంత పడుతోందంటే రెండు కారణాలుంటాయి పెద్దాయనా. సంచికి పోయే నరాలు బలహీనంగా ఉండొచ్చు. అదైతే రోజుకు నాలుగైదు సార్లు సన్న గొట్టం పెట్టి ఖాళీ చేయాలి. ఎన్నేళ్లో చెప్పలేను. లేదంటే, మన పిల్లలందరిదీ ఇంతేనేమో. ఈ పుస్తకంలో లెక్క వేరే దేశాల పిల్లలది. మన పిల్లలను కూర్చోబెట్టి కొలిచిన లెక్క నాకు దొరకలేదు. అందుకే నేనే మొదలుపెట్టా. నంద్యాల, ఆళ్లగడ్డ బడుల్లో ఏ జబ్బూ లేని పిల్లలను కొలుస్తున్నాం. మీ ఊరి బడి కూడా కలిస్తే మంచిది. ఇళ్లలో మీరు చెప్తారా?"

నేనా, అన్నాను.

గొట్టం అన్న మాట దగ్గరే నా చెవి ఆగిపోయింది. బస్సులో శిరివెళ్ల దాటేదాకా ఏమీ వినపడలేదు. ఆళ్లగడ్డలో దిగితే రోడ్డు పక్క శిల్పులు రాయి కొడుతున్నారు. సలోమి ఒక బొమ్మ దగ్గర నిలబడి, "దీనికింగా కండ్లు పెట్టలేదు జేజినాయనా" అంది.

జూలై 14

ఆదివారం. గుళ్లో అందరూ పాట పాడుతుంటే నేను ఒకటే అడిగాను. ప్రభువా, మన పిల్లలందరిదీ ఇంతే అయ్యేట్టు చూడు.

జూలై 16

పొద్దున గ్లాసు నీళ్లు తాగకుండా అట్లే పెట్టి బడికి పోయింది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, అందుకేమో. కాగితంలో ఒక గ్లాసు అని రాశాను. రేపు ఎట్లాగూ తాగుతుంది.

జూలై 17

తాగలేదు. బోరు నీళ్లదే తప్పు.

జూలై 23

పిల్లలను కొలవనివ్వమని అడగడానికి నాలుగిళ్లకు పోయాను. గడప ముందర నిలబడతాను. మాట రాదు. తలుపు చూస్తాను. "బందులు అరిగినాయి, రోంత నూనె వేయండి" అని చెప్పి వచ్చేస్తాను. యాభై ఏళ్లు తలుపులు చేసిన మనిషిని. నంద్యాల మిషన్ వర్క్‌షాపులో నేర్చుకున్న పని. ఇళ్లలో వాళ్లూ నేను అందుకే వచ్చాననుకున్నారు.

సాయంత్రం బడిలో వంట చేసే ఏసమ్మ నా అవస్థ చూసి నవ్వింది. "నువ్వు ఎనకాల నిలబడప్పా, నేను మాట్లాడతా" అని ముందు నడిచింది.

మూల ఇంటి పెద్దమ్మ ఒప్పుకోలేదు. "కిడ్నీలు కొలిచేది దేనికి? కొలిచినాంక కోసేదానికే కదా. టీవీలో సూపిస్తాండారు."

"నీ కిడ్నీ ఎవురిగ్గావాల పెద్దమ్మా?" అంది ఏసమ్మ. "ఎనభై ఏండ్ల సరుకు. ఊరికే ఇచ్చినా మోసుకుపోరు."

వాకిట్లో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది. ముని మనవరాలిని పంపుతానంది.

ఆగస్టు 7

ఈరోజు స్కాను మిషను బడికి వచ్చింది. చిన్న పెట్టెంత ఉంది. డాక్టరమ్మ, మనోజ్, ఒక నర్సమ్మ. పిల్లలందరికీ నీళ్లు తాగించి వరండాలో కూర్చోబెట్టారు. ఒంటికి వచ్చినప్పుడు ఒక్కొక్కరినీ పిలిచి పొట్ట మీద చూస్తారు. తర్వాత పంపి, తిరిగొచ్చాక మళ్లీ చూస్తారు.

హెడ్మాస్టరు శ్రీరంగనాథ్ సారు బాత్రూము తెరిపించారు. అహోబిలం ఆయన, నెమ్మదస్తుడు. నేను ఆ వైపు ఎప్పుడూ పోలేదు. తెల్లటి పలకలు, ఫినాయిలు వాసన, గోడకు రంగుల పువ్వులు. మా ఊరి బడికి ఇంత మంచిది ఉందా అని గర్వంగా అనిపించింది. ఆడపిల్లలు కొత్తింటికి పేరంటానికి పోయినట్టు గోడలు తడిమి చూసుకుంటున్నారు. ఒకతె లోపలికి పోతే ఇంకొకతె బయట తలుపు గుంజి పట్టుకుంటోంది. తలుపుకు బయట గొళ్లెం ఉంది, లోపల గడియ లేదు. పని సగం చేసి పోయారు ఎవరో. నాది కాని పని.

వెళ్లే ముందు డాక్టరమ్మ అందరినీ అడిగింది. "బడిలో బాత్రూముకు ఏమైనా ఇబ్బంది ఉందా?"

"లేదు మేడం!"

అందరూ ఒక్క గొంతు. మా సలోమి గొంతు అందరికన్నా పైకి వినపడింది.

ఆగస్టు 30

మనోజ్ ఫోన్ చేశాడు.

"తాతా, నీకో మంచి మాట. మీ ఊరి ఆడపిల్లలందరిదీ అంతే ఉంది. నాలుగొందల యాభై, అయిదొందలు. నీ మనవరాలు మా లెక్క గీత లోపలే ఉండాది. నార్మల్!"

నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని అట్లే కూర్చున్నాను. "ఇంటాండావా తాతా?" అని రెండుసార్లు అడిగాడు.

తర్వాత డాక్టరమ్మ మాట్లాడింది. నరాల పరీక్ష ఇప్పుడే వద్దు, చూద్దాం అన్నది. మగపిల్లల లెక్క మాత్రం పుస్తకంలో ఉన్నట్టే వచ్చిందట. ఆడపిల్లలదే ఎందుకంత ఎక్కువ ఉందో తెలియడం లేదట. "చుట్టుపక్కల బడుల్లో కూడా ఇంతే వస్తోంది, మన వాతావరణమో తిండో" అన్నది. ఆ మాట నేను సరిగా వినలేదు.

మంజుల చేలో నుంచి రాగానే చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

సెప్టెంబర్ 1

మహానంది అరటిపండ్లు రెండు గెలలు తెప్పించి గుళ్లో పంచాను. జరిగిన మేలుకు సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు పిలిచారు. లేచి నిలబడి "దేవునికి స్తోత్రం" అని కూర్చున్నాను. అది నాకు చాలా పెద్ద మాట.

సెప్టెంబర్ 3

మంచం కోడుకు చిత్రిక పడుతున్నాను. ఏసమ్మ బడి నుంచి పోతూ ఆగింది.

"ఏంది సుందరరాజన్నా, పండ్లు పంచినావంట. పాపకు బాగయినట్టేనా?"

బాగే. మన ఆడపిల్లలందరిదీ అంతేనంట. పెద్ద సంచులంట, అన్నాను.

ఏసమ్మ నవ్వింది. "కాకుండా యాడికి పోతాదప్పా? పొద్దున్నుంచి సాయంత్రం దాంకా బిగబట్టుకుంటే సాగదా మరి?"

బిగబట్టుకునేది ఎందుకు, అన్నాను.

"యాడ పోతారు? బాత్రూముకు తాళమేసిండారు కదా."

ఆ రోజు తీశారు కదా, అన్నాను.

"ఆ రోజు డాక్టరమ్మ వచ్చె కాబట్టి తీసినారు. మళ్లీ ఆఫీసర్లొచ్చే దాంకా తీయరు. తీస్తే పాడైపోతాదని. మగపిల్లోళ్లు గోడ పక్కకు పోతారు. ఆడపిల్లోళ్లు యాడికి పోతారు, సుట్టూరా ఇండ్లాయె." నా ముఖం చూసి ఆగింది. "నీకు తెలీదా? ఊరందరికీ తెలుసు కదన్నా."

ఊరందరికీ అంటే ఆడవాళ్లందరికీ.

కోడు సగంలో వదిలేశాను.

సెప్టెంబర్ 4

వాన. పని లేదు.

సెప్టెంబర్ 5

సలోమిని అడిగాను. పక్కన కూర్చోబెట్టుకుని, కాళ్లకు నూనె రాస్తూ అడిగాను. ముఖం చూస్తే నాకు మాట రాదు.

బడిలో ఒంటికి పోతాండావా?

"పోతా జేజినాయనా."

నిజం చెప్పు తల్లీ.

కాలి వేళ్లు ముడుచుకుంది. "అట్లే చెప్పాల. ఎవురొచ్చి అడిగినా ఇబ్బంది ల్యా అని చెప్పాల. అందరూ అట్లే చెప్తారు. మా బడికి చెడ్డపేరు రాదా?"

మరి ఎట్లా?

"పొద్దున నీళ్లు తాగకుంటే రాదు. అన్నానికాడ గూడా రోంతే తాగాల. వస్తే కాలి మీద కాలేసుకుని కూచుంటే పోతాది." తర్వాత నా వైపు తిరిగి కళ్లు పెద్దవి చేసింది. "మేము పందెం ఏసుకుంటాం జేజినాయనా. ముందు అనన్య ఫస్టు. ఇప్పుడు నేనే ఫస్టు."

నూనె గిన్నె పక్కన పెట్టాను.

సెప్టెంబర్ 6

డాక్టరమ్మకు ఫోన్ చేయాలి.

సెప్టెంబర్ 8

శాంసన్ డోన్ నుంచి వచ్చాడు. ఆదివారం లారీ లేదు. కూతురిని భుజాన ఎత్తుకుని వీధంతా తిప్పాడు. రాత్రి అన్నం దగ్గర నేను కదిలించాను. ఆ లెక్కలో ఏదో తేడా ఉందేమోరా, అన్నాను.

"ఏం తేడా నాయనా? డాక్టరే నార్మల్ అన్నాక నీకేందీ? గొట్టం అన్నప్పటి నుంచి నేను స్టీరింగ్ పట్టుకున్నా అదే గుర్తొచ్చేది. ఇప్పుడే రోంత నిద్ర పడతాండాది. గమ్మునుండు."

గమ్మున ఉన్నాను. అది నాకు బాగా వచ్చిన పని.

సెప్టెంబర్ 9

చెప్పలేదు. చెబితే మళ్లీ ఆ రెండు కారణాల్లో మొదటిది వస్తుంది. ఇప్పుడు జ్వరం లేదు కదా. ఇంట్లో ఉన్నప్పుడు పాపకు నేనే నీళ్లు తాగిస్తున్నాను. అది చాలు.

సెప్టెంబర్ 15

నా భార్య సారమ్మ కూలికి పోయేటప్పుడు నీళ్ల ముంత తీసుకుపోయేది కాదు. మొగోళ్ల మధ్య పని, తాగితే లేచి యాడికి పోవాల, అనేది. నేను విన్నాను. విని ఊరుకున్నాను. చివరి రెండేళ్లు నంద్యాలకు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తీసుకుపోయాను. షుగర్ వల్ల అన్నారు. షుగర్ వల్లనే అయుండాలి.

సెప్టెంబర్ 20

మనోజ్ ఫోన్. గీతలన్నీ గీశారట. వచ్చే నెల డాక్టర్ల మీటింగులో చూపిస్తారట. "ఇంగ ఏ డాక్టరైనా మన గీతే చూస్తాడు తాతా. ఆడపిల్లకు అయిదొందలుంటే భయపడే పన్లేదు. మీ ఊరి పిల్లోళ్ల పుణ్యమే" అన్నాడు.

సంతోషం, అన్నాను.

అంటే ఇంకే ఊరి నుంచో ఇట్లాంటి పిల్లనే ఒక తాత తీసుకుపోతాడు. డాక్టరు మా పిల్లల గీత చూసి ఏమీ లేదు పో అంటాడు. ఆయన కూడా అరటిపండ్లు పంచుతాడు.

సెప్టెంబర్ 24

జ్వరం. వణుకుతోంది. ఎడమ పక్క చెయ్యి వేయనివ్వడం లేదు.

సెప్టెంబర్ 25

నంద్యాల. చేర్చుకున్నారు.

సెప్టెంబర్ 27

ఈ రెండు రోజులూ మంజుల పాప దగ్గర. నేను బయట బెంచీ మీద. సెలైన్ ఎక్కుతోంది. కిడ్నీకి ఇన్ఫెక్షన్ బాగా ఎక్కిందట.

ఈరోజు డాక్టరమ్మ నా పక్కనే వచ్చి కూర్చున్నది. చేతిలో ఆ గీతల కాగితం. "నాకు అర్థం కావడం లేదు పెద్దాయనా. గీత ప్రకారం పాప బాగుండాలి. నరాల పరీక్షకు కర్నూలు పంపుదామనుకుంటున్నా."

ఆమె లేచి పోబోతుంటే చీర కొంగు పట్టుకున్నంత పని చేశాను. తప్పు. కానీ చేశాను.

బాత్రూముకు తాళం ఉంటాదమ్మా, అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. తాళం గురించి, నీళ్లు తాగకపోవడం గురించి, పందెం గురించి. కాగితంలో నేను రాసిన గ్లాసుల గురించి. ఇంత మాట నేను ఒకేసారి ఎప్పుడూ మాట్లాడలేదు.

"మీకెప్పుడు తెలిసింది?"

ఈ నెల మొదట్లో.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ఆపుకోవడం వల్లే అయితే నరాల జబ్బు కాకపోవచ్చు. గొట్టం అవసరం ఉండదు. టైముకు పోవడం అలవాటు చేస్తే సంచి మెల్లగా దారికొస్తుంది. ఇది ముందే తెలిసుంటే ఈ జ్వరం తప్పేదేమో."

అంటే నేను దేనికి భయపడి దాచానో అది అందులో లేనే లేదు.

మనోజ్ అక్కడే ఉన్నాడు. "అయితే మన గీత మేడం? పిల్లోళ్లకు తాగించిన నీళ్ల బిందెలన్నీ నేనే మోసినా."

"తీసేయాలి మనోజ్. ఈ ఊరివే కాదు. అన్ని బడులకూ మళ్లీ పోయి, టీచర్లు లేకుండా పిల్లలను అడగాలి." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. "అందరికీ ఉంది కదా అని నార్మల్ అనుకున్నా. అందరూ ఆపుకుంటున్నారని తట్టలేదు." లేచి, రెండడుగులు వేసి ఆగింది. నాతో కాదు, గోడతో అన్నట్టు అన్నది: "నేను కూడా పల్లె బడిలోనే చదివా. నేనూ పొద్దున నీళ్లు తాగేదాన్ని కాదు. నాకే గుర్తు రాలేదు."

సెప్టెంబర్ 28

మంజులకు చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"మా కాలంలో ఆ గది గూడా ల్యా మామా" అంది. "నేను పదో తరగతి దాంకా అట్లే చదివినా. అది జబ్బని ఎవురనుకుంటారు?"

తర్వాత పాప దుప్పటి సర్దుతూ, "అది ఫస్టు వచ్చినానని నాక్కూడా చెప్పింది. దేంట్లోనో అనుకున్నా" అంది.

అక్టోబర్ 4

ఇంటికి వచ్చాం. ఎడమ కిడ్నీ మీద చిన్న మచ్చ మిగిలిందట. అది పోదు. పెరగకుండా చూసుకోవాలి. బడిలో అన్నం లోపు రెండుసార్లు, తర్వాత ఒకసారి ఒంటికి పోవాలి. తప్పనిసరి. మందు కన్నా అదే ముఖ్యం అన్నది డాక్టరమ్మ.

శాంసన్‌కు ఫోన్లో చెప్పాను. అంతా విన్నాడు. "గమ్మునుండు అన్నది నేనే కదా నాయనా" అని పెట్టేశాడు.

అక్టోబర్ 7

హెడ్మాస్టరు సారు దగ్గరికి పోయాను. కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు.

"నాకు మాత్రం ఇష్టమా సుందరరాజూ? నేనొచ్చేటప్పటికే తాళం ఉంది. తెరిస్తే నీళ్లు లేవు, కడిగే మనిషి లేదు. రెండ్రోజుల్లో కంపు కొడుతుంది. ఇన్‌స్పెక్షన్ వాళ్లొచ్చి ఇట్లా పాడు చేశారేమని నన్నే అడుగుతారు. ఇప్పుడు చూడు, ఎంత శుభ్రంగా ఉందో." నా వైపు చూడలేక కిటికీ వైపు చూశారు. "కమిటీ మీటింగులో మాట్లాడు. నలుగురూ ఒప్పుకుంటే నాకేం."

మీటింగులో. నేను.

అక్టోబర్ 18

రేపు మీటింగు. కాగితం మీద రాసుకున్నాను. రెండు పేజీలు వచ్చింది. చదివితే నాకే సిగ్గేసింది. ఒంటికి అన్న మాటే ఏడుసార్లు ఉంది.

అక్టోబర్ 19

వరండా నిండా జనం. మగవాళ్లు కుర్చీల్లో, ఆడవాళ్లు చాపల మీద. కమిటీ చైర్మన్ వాసుదేవ్ గోడకు రంగులు, జెండా దిమ్మె అన్నీ మాట్లాడాడు. చివర "ఇంగెవురన్నా మాట్లాడాల్నా?" అన్నాడు. నేను లేచాను. రాసుకున్న కాగితం జేబులోనే ఉంది. చెయ్యి పోలేదు.

ఆ బాత్రూము తాళం తీయాలప్పా, ఆడపిల్లోళ్లది, అన్నాను.

వెనక ఎవరో, "ముసలోనికి ఆడపిల్లోళ్ల బాత్రూము సంగతి దేనికప్పా?" అన్నారు. కుర్చీలన్నీ నవ్వాయి. నా చెవులు కాలిపోయాయి. కూర్చోబోయాను. సగం వంగాను కూడా. ఎదురుగా చాప మీద మంజుల తల వంచుకుని ఉంది. దాని ఒళ్లో సలోమి. కాలి మీద కాలు వేసుకుని కూర్చుంది.

మళ్లీ నిలబడ్డాను.

"నా మనవరాలు పొద్దున నీళ్లు తాగదు" అన్నాను.

అంతే వచ్చింది. ఇంకేమీ రాలేదు.

నవ్వు ఆగిపోయింది. నేను నిలబడే ఉన్నాను. కూర్చోవడం కూడా మరిచిపోయాను.

చాపల మీది నుంచి ఒకామె, అనన్య తల్లి జయలక్ష్మి, నేల చూస్తూనే అంది. "మా పాప గూడా తాగదు."

"మాది గ్లాసు ముట్టదు. వాంతికొస్తాదంటాది."

"మాదీ అంతే."

"రెండు తూర్లు జ్వరమొచ్చె మా దానికి. ఇదని మాకేం తెలుసు?"

ఒకరి వెనక ఒకరు. ఎవరూ తలెత్తలేదు. గొంతులు మాత్రం ఆగలేదు. పెద్దమ్మ కర్ర నేలకు కొట్టి, "మొగోళ్లకేం, గోడలున్నాయి" అంది. ఈసారి కుర్చీలు నవ్వలేదు.

వాసుదేవ్ ముఖం ఎర్రగా అయింది. "తీస్తే ఎవురు కడుగుతారమ్మా? నీళ్లు యాడివి? అది చెప్పండి ముందర."

ఏసమ్మ లేచింది. "వంటకు వచ్చే పైపే కదప్పా, ఈ గోడ దాటితే ఆడే ఉండాది. నాలుగు బారల పైపుకు నీకింత ఆలోచనా? కడిగేది అంటావా, వారానికొగ వీధి. ముందు నా వీధి. నీ ఇంట్లో గూడా ఇద్దరు ఆడపిల్లోళ్లుండారు, నీ వీధి ఎప్పుడో నువ్వే చెప్పు."

హెడ్మాస్టరు సారు బల్ల సొరుగు లాగారు. తాళంచెవి తీసి ఏసమ్మ ముందర పెట్టారు.

అక్టోబర్ 22

ఉలి, సుత్తి, డ్రిల్లు తీసుకుని బడికి పోయాను. ముందు బయటి గొళ్లెం ఊడదీశాను. మరలు తుప్పు పట్టలేదు. వాడితే కదా.

ప్లాస్టిక్ తలుపు. ఒట్టి దానికి మర గట్టిగా పట్టదు. లోపలివైపు వేపచెక్క బద్ద వేసి దానికి గడియ బిగించాలి. ఎంత ఎత్తున అన్నది ఆలోచించాను. ఇంటి తలుపుకైతే మనిషి రొమ్ము ఎత్తు. డాక్టరమ్మ లెక్కగీతను నడిమి కొలత ఉన్న పిల్లను పట్టుకుని గీస్తారట, మనోజ్ చెప్పాడు. గడియకు అది కుదరదు. ఒకటో తరగతిలో అందరికన్నా పొట్టి పిల్లను పిలవమన్నాను. గోదా అని, ముక్కు కారుతూ వచ్చింది. తలుపు దగ్గర నిలబెట్టి చెయ్యి చాపమన్నాను. దాని వేళ్లు ఎక్కడ ఆగాయో అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టాను.

బిగించాక, వేసి చూడమన్నాను. లోపలికి పోయి టక్కున వేసుకుంది. తీసింది. వేసింది. తీసింది. బయటికి రాదు. హెడ్మాస్టరు సారు వచ్చి తలుపు తట్టారు. "ఏమ్మా, అయిందా?"

"ఉండు సార్!" అని లోపలి నుంచి అరిచింది.

సారు నన్ను చూశారు. నేను సారును చూశాను. ఇద్దరం పక్కకు జరిగి నిలబడ్డాం.

నవంబర్ 11

సలోమి రోజూ పోతోందట. మొదట్లో వచ్చేది కాదట. కూర్చుంటే రాదట. ఆపుకోవడం నేర్చిన ఒళ్లు వదలడం మళ్లీ నేర్చుకోవాలన్నది డాక్టరమ్మ. గడియ వేసుకుని నూరు అంకెలు లెక్కపెట్టుకోమన్నదట.

డిసెంబర్ 2

నీళ్లు రెండ్రోజులు రాలేదు. కంపు. వాసుదేవ్ "చెప్పినా కదా" అన్నాడంట. అయినా తాళం వేయలేదు. జయలక్ష్మి, మంజుల బిందెలతో పోశారు.

జనవరి 28

స్కాను. కాస్త తగ్గింది. మచ్చ అట్లే ఉంది. జ్వరం రాలేదు.

మార్చి 15

డాక్టరమ్మ బడికి వచ్చింది. మిషను తేలేదు. టీచర్లను బయటికి పంపి, తలుపు వేసుకుని ఆడపిల్లలతో చాలాసేపు మాట్లాడింది. లోపల ఏం మాట్లాడారో తెలియదు. ఒక్క గొంతుగా మాత్రం ఏమీ వినపడలేదు. తలా ఒక మాట, గోలగా ఉంది.

పోయేటప్పుడు నాతో అన్నది. "ఒక ఏడాది పోనీయండి పెద్దాయనా. అప్పుడొచ్చి కొలుస్తా. అప్పుడు వచ్చేది మన పిల్లల కొలత."

అప్పటికి సలోమి గీత లోపల ఉంటుందా, అని అడిగాను.

"చెప్పలేను" అన్నది. నిజం చెప్పినందుకు నాకు కోపం రాలేదు.

జూన్ 13

బడి మళ్లీ తెరిచారు. సలోమి నాలుగో తరగతి. కొత్త బ్యాగు.

మంజుల చేలోకి పోయింది. నేను పొద్దున గ్లాసు నింపి గడప మీద పెట్టి, చూడనట్టు ఉలి నూరుకుంటున్నాను. చూస్తే తాగదేమోనని. చెప్పుల్లో కాళ్లు దూర్చి, గ్లాసెత్తి, గటగటా తాగింది. నీళ్లు గవును మీద కారాయి. మూతి మోచేత్తో తుడుచుకుంది.

"ఇంగ రోంత పొయ్యి జేజినాయనా" అంది.

పోశాను.